మరిదిని తిట్టిపోసిన బ్లాగు

బ్లాగు అనే మాటకు ఇంకా కాస్త మర్యాద మిగిలి ఉన్న రోజులవి. ఇప్పటిలా ప్రతి చేతిలో ఒక ఫోనూ, ప్రతి ఫోనులో ఒక సంపాదకుడూ లేని కాలం. ఇంటర్నెట్టులో నాలుగు ముక్కలు రాసి మీట నొక్కితే, వాటిని నాలుగు దిక్కుల జనం పనులు మానుకుని చదువుతారని నాలాంటివాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళు. 2010లో నాకు యాభై తొమ్మిదేళ్ళు. పుట్టిన తేదీని బట్టి చూస్తే అది ముసలితనమే గానీ, కంప్యూటర్ ముందు కూర్చున్న నాటి నుంచి లెక్కవేస్తే నాకు అప్పుడప్పుడే ఓణీ వేసుకునే వయసు. ఆ వయసులో అందరూ చేసే పనే నేనూ చేశాను. లోకాన్ని బాగుచేద్దామని బయల్దేరాను. లోకం మరీ పెద్దది కాబట్టి మా ఊరి పంచాయతీతో మొదలుపెట్టాను.

మా ఊరు శంషాబాద్ దగ్గర, విమానాశ్రయం గోడ పక్కన ఉంటుంది. (పేరు చెప్పను. చెబితే మా మరిది ఎవరో తెలిసిపోతుంది.) నేను కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు జమాఖర్చులు రాశాను. విరిగిన బిస్కెట్లకు కూడా లెక్క చెప్పాల్సిన ఉద్యోగం. రిటైరయ్యేటప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు నా టేబుల్ మీది పాత కంప్యూటర్‌ను చవకగా నాకే ఇచ్చేశారు. ఇంటికి తెచ్చుకున్నాక లెక్కపెట్టడానికి బిస్కెట్లు లేవు. ఏం చేయాలో తోచక ఊరిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బ్లాగు పేరు 'ఊరి లెక్క'. మొదటి వ్యాసం వీధి దీపాల గురించి. ఊళ్ళో స్తంభాలు నలభై ఒకటి, పంచాయతీ కొన్నానని చెప్పిన బల్బులు అరవై, రాత్రిపూట వెలుగుతున్నవి ఇరవై మూడు. అంతే రాశాను. విశేషణం ఒక్కటి కూడా వాడలేదు.

విశేషణాలు మా మరిది వాడాడు. మా ఊరి సర్పంచ్ మా ఆయన తమ్ముడే. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. బల్బుల సంగతి ఎవరో శంషాబాద్ నెట్ సెంటర్లో చూసి చెప్పారట, తెల్లబట్టలు నలగకుండా నడిచే మనిషి ఆ రోజు పరుగున వచ్చాడు.

"ఏంది వదినా, ఇంట్ల దీపం పెట్టేదానివి, ఊర్ల దీపాలు లెక్కపెడుతున్నవా?"

"నా లెక్క తప్పుంటె చెప్పు, దిద్దుత."

"లెక్క గురించి ఎవరన్నరు? ఇజ్జత్ గురించి మాట్లాడుతున్న. సొంత మరిదిని గిట్ల బజార్ల నిలబెడ్తవా?"

"బజార్ల బల్బు వెలుగుతలేదయ్యా, నువ్వు నిలబడ్డా ఎవరికీ కనవడవు."

ఈ జవాబుకు నేను చాలా కాలం లోలోపల మురిసిపోయాను. ఆయన మాత్రం ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు. మా వాకిటి ముందు నుంచి పోవాల్సి వస్తే మెడ అటువైపు తిప్పుకుని పోయేవాడు. "పాపం, వాని మెడ పట్టేస్తదే" అని మా ఆయన బాధపడేవాడు.

బ్లాగు అడుగున ఎంతమంది చూశారో చూపించే చిన్న డబ్బా ఒకటి ఉండేది. మొదటి నెల అందులో పెరిగిన అంకెల్లోంచి నేను చూసుకున్నవి తీసేస్తే రెండు మిగిలాయి. ఒకటి నెట్ సెంటర్లో చూసి మా మరిదికి చెప్పిన మనిషిది, ఇంకోటి మా ఆయనది. ఆయన కూడా కంప్యూటర్లో పేకాట ఆడబోయి తప్పు మీట నొక్కాడు.

అసలు సంగతికి వస్తాను. విమానాశ్రయం గోడ కట్టాక శంషాబాద్‌కు పోయే మా పాత బాట మూసుకుపోయింది. చుట్టు తిరిగి వచ్చేంత ప్రయాణికులు లేరని డిపోవాళ్ళు బస్సు ఆపేశారు. షేర్ ఆటో ఎక్కాలన్నా గోడ వెంబడి మూడు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డు చేరాలి. ఒకవైపు గోడ, ఇంకోవైపు ముళ్ళకంప, నడుమ టిప్పర్లు. మాకు ఇంకోవైపు పక్కింటి పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం చదివేది. మొదట్లో ముగ్గురు పిల్లలు కలిసి నడిచేవాళ్ళు. ఒకామె అమ్మమ్మ ఊళ్ళో ఉండి చదువుకుంటానని పోయింది, ఇంకొకామె చదువే మానేసింది. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. వాళ్ళ నాయన విమానాశ్రయంలో క్యాబ్ నడిపేవాడు. పొలం విమానాశ్రయానికి పోయాక నేర్చుకున్న పని. పొద్దున విమానాలు దిగేవేళే ఆయనకు గిరాకీ. ఒకనాడు మా అరుగు మీద కూర్చుని టవల్‌తో ముఖం తుడుచుకుంటూ చెప్పాడు.

"అక్కా, ముక్కుమొఖం తెల్వనోళ్ళను ఏసీ పెట్టి ఇంటికాడ దింపుతున్న. నా బిడ్డను కాలేజీ కాడ దింపనీకి నాకు టైం లేదు. మొన్న టిప్పరోడు పక్కకొచ్చి హారన్ కొట్టి నవ్విండంట. బతుకమ్మ సెలవులు అయ్యేదాక చూస్త. కాలేజీ తెరిచేనాటికి బస్సు వస్తె సరే. లేకుంటె ఇగ పిల్ల ఇంట్లనే ఉంటది."

లోపలికి వినపడకుండా ఉండాలని ఆయన గొంతు తగ్గించాడు. పిల్ల మా వంటింట్లోనే ఉంది, మొత్తం విన్నది. ఏడవలేదు. సాయంత్రం వచ్చి నా బ్లాగు మొత్తం చదివింది. అప్పటికే బస్సు గురించి మూడు వ్యాసాలు రాసి ఉన్నాను. ఊరి జనాభా, విద్యార్థులు, కిలోమీటర్లు, డీజిల్, అన్నీ పట్టికలుగా వేశాను.

"పెద్దమ్మా, ఇది బ్లాగా, ఎక్కాల పుస్తకమా?"

"ఏం తప్పున్నది?"

"తప్పు లేదు. అందుకే ఎవ్వరు చదువుతలేరు. నువ్వు చెప్పుడు బంద్ చేసి ఊరోళ్ళను మాట్లాడనియ్యి. కింద పది కామెంట్లుంటెనే మీద ఏమున్నదో అని చూస్తరు."

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నా పట్టికను ఎక్కాల పుస్తకమన్నవాళ్ళు లేరు. కోపం వచ్చింది. కానీ పిల్ల చెప్పింది నిజం. చిక్కేమిటంటే, కామెంటు పెట్టాలంటే కంప్యూటర్ ఉండాలి. ఊళ్ళో ఇంటర్నెట్టున్న కంప్యూటర్ నాదొక్కటే. కాబట్టి కామెంట్లు నా దగ్గరికి రాకపోతే, కామెంటు చేసేవాళ్ళే నా దగ్గరికి రావాలి. సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యాన్లతో వచ్చేవాళ్ళందరూ మా వాకిటి ముందు నుంచే పోతారు. కిటికీ పక్కకు కంప్యూటర్ జరిపి, తలుపు తెరిచి, ఆ రోజు రాసింది గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఇద్దరు ఆగారు. వారం తిరిగేసరికి అరుగు నిండింది. ఆ విధంగా 'ఊరి లెక్క'కు పాఠకలోకం ఏర్పడింది. అందులో సగం మందికి చదవడం రాదన్న సంగతి నేను బ్లాగులో ఎక్కడా రాయలేదు, ఎవరూ అడగలేదు.

నాకు పద్ధతి ముఖ్యం. ఎవరైనా సరే నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. చెప్పింది చెప్పినట్టే కొడతాను, ఒక్క అక్షరం కలపను. కొట్టినాక చదివి వినిపిస్తాను, ఒప్పుకుంటేనే ఎక్కిస్తాను. అమ్మానాన్నలను తిట్టకూడదు. పేరు ఇష్టం లేకపోతే మారుపేరు పెట్టుకోవచ్చు. ఇవి నా నిబంధనలు. మా ఆయన వీటికి ఒకటి చేర్చాడు, కామెంటుకు ఒక చాయ్ అని. (చాయ్ పెట్టేది ఆయనే కాబట్టి ఆ అధికారం ఆయనకుంది.) ఈ నిబంధన వల్ల మా ఊళ్ళో ఆలోచనాశక్తి ఒక్కసారిగా పెరిగింది. బర్రెల తాత ఒకాయన ఉండేవాడు. "విమానాలకు బాట దొరికింది, మా బర్రెలకు దొరకలే" అని ఒక కామెంటు చెప్పి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు ఆకాశం వైపు చూసి, "ఆఁ, ఇంకోటి యాదికొచ్చింది బిడ్డా" అనేవాడు.

"గిది ఇందాకటి కామెంటే కదనే తాతా?"

"అది బర్రెల గురించి. గిది మేకల గురించి."

మా ఆయన మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టేవాడు.

అలా నడుస్తుండగా ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి మా తోటికోడలు వచ్చింది. (మా వైపు యారాలు అంటాం.) అంటే సర్పంచ్ భార్య. కొంగు నడుముకు దోపుకుని, అరుగు మీద తాతను పక్కకు జరిపి కూర్చుంది. జనం చాయ్ గ్లాసులు అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"అక్కా, నాది గూడ ఒకటి రాయి."

"నీదా? ఎవరి మీద?"

"సర్పంచ్ మీద."

"అంటె మీ ఆయన మీదనా?"

"మా ఆయన ఇంట్ల పండుకున్నడు. నేను చెప్పేది పంచాయతీల కూసునేటాయన గురించి. నువ్వు రాస్తవా, నేను పోవాల్నా?"

రాశాను. మారుపేరు 'ఎండు మిర్చి' అని పెట్టుకుంది. "ఈ సర్పంచ్ నాలుగేండ్ల సంది ఊరికి ఏం చేసిండు? మీదికెళ్ళి విమానం పోతుంటె చూసి చెయ్యి ఊపిండు." ఇది మొదటి కామెంటు. మర్నాడు: "ఊర్లకు బస్సు తేలేనోడు గోడకు తన పేరు రాసుకున్నడు. గా గోడ ఎక్కి ఆడపిల్లలు కాలేజీకి పోవాల్నా?" ఆ మర్నాడు: "తెల్లబట్టలేసుకొని పంచాయతీ ముంగట కూసుంటడు. గా బట్టలు ఉతికేటోళ్ళ నడుములు పోతున్నయని ఎన్నడన్న అడిగిండా?"

మూడోది బస్సుకు సంబంధించింది కాదనీ, తొలగించవచ్చనీ నేను అన్నాను. "అది ఉండాలె. అది తీస్తె మిగతయి గూడ వద్దు" అని ఖచ్చితంగా చెప్పింది. ఉంచాను.

ఎండు మిర్చి దెబ్బకు బ్లాగు రాత మారిపోయింది. సర్పంచ్ పెళ్ళామే సర్పంచ్‌ను తిడుతోందని పక్క ఊళ్ళకు పాకింది. శంషాబాద్ నెట్ సెంటర్లో కుర్రాళ్ళు ఎదురుచూసి మరీ చదువుతున్నారని తెలిసింది. అడుగున ఉన్న డబ్బాలో అంకె రోజురోజుకూ పెరిగింది. నాకైతే నిద్రపట్టలేదు. నేను రాజేసిన నిప్పురవ్వ ఒక ఇల్లాలి గుండెలో మంట అయ్యిందనీ, ఇక ఊరి ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే గోడలు దాటి వస్తారనీ అనుకున్నాను. ఆ మాట మా ఆయనతో అంటే, "గోడ దాటొచ్చేటోళ్ళు చాయ్ పత్తి గూడ తెచ్చుకోమను" అన్నాడు. మరిది మాత్రం ఒక్క మాట అనలేదు. అంతకంతకూ మెడ తిప్పుకుని పోతున్నాడు. పాపం, సొంత పెళ్ళామే ఎదురు తిరిగింది, ఇక ఏం మాట్లాడతాడు అని నేను జాలిపడ్డాను కూడా.

ఇంత జరుగుతున్నా బస్సు జాడ లేదు. డిపోకు రెండు అర్జీలు రిజిస్టర్ పోస్టులో పంపాను, జవాబు రాలేదు. బతుకమ్మ సెలవులు ఇచ్చేశారు. పిల్ల పుస్తకాల సంచి మేకుకు తగిలించి, మా ఇంటికొచ్చి కందిపప్పు ఏరుతూ కూర్చునేది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరేది. "కామెంట్లు ఎన్నున్నయి పెద్దమ్మా?" అని అడిగేది. చెప్పేదాన్ని. "బస్సు వస్తదా?" అని మాత్రం అడిగేది కాదు. సెలవులు సగం గడిచాక నేనే ఇక లాభం లేదనుకుని, నా పట్టికలన్నీ సంచిలో పెట్టుకుని, గోడ వెంబడి నడిచి, ఆటో పట్టుకుని డిపోకు పోయాను.

అటెండరు నన్ను మేనేజర్ గది బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. "లోపల ఎవరో సర్పంచ్ సార్ ఉన్నరమ్మా" అన్నాడు. తలుపు సగమే వేసి ఉంది. లోపలి నుంచి వినపడిన మొదటి మాట: "మీదికెళ్ళి విమానం పోతుంటె చూసి చెయ్యి ఊపిండు, అని రాసిండ్రు సార్."

గొంతు మా మరిదిది.

తొంగిచూశాను. మేనేజర్ టేబుల్ మీద నా బ్లాగు మొత్తం ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించి పెట్టి ఉంది. (నా రాతలు పుస్తకంగా రావడం జీవితంలో అదొక్కసారే.) మా మరిది టవల్ చేతిలో పట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, తనను తిట్టిన తిట్లన్నీ తానే చదివి వినిపిస్తున్నాడు. అలా ఇలా కాదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ కసురుకోవాలో అక్కడ కసురుకుని. నేను మా అరుగు మీద చదివినప్పుడు కూడా అంత బాగా రాలేదు.

"ఇంకా ఉన్నది సార్. జర ఇనున్రి. 'ఊరోళ్ళ బిడ్డలు ముళ్ళల్ల నడిచి పోతుంటె సిగ్గులేక బైకు మీద తిరుగుతున్నడు. సెలవులు అయ్యేనాటికి బస్సు రాకపోతే ఆయన బైకు తాళం తీసి బాయిల పారేస్త.' గిట్ల మాట్లాడుతున్నరు సార్."

ఈ మాటలు చదివేటప్పుడు ఆయన పుస్తకం చూడలేదు. చూసినా లాభం లేదు, అవి అందులో లేవు. అది ఎండు మిర్చి ముందురోజు సాయంత్రం, అరుగు ఖాళీ అయ్యాక వచ్చి చెప్పిన కామెంటు. నేను కాగితం మీద రాసుకున్నాను గానీ, కొట్టేలోపే కరెంటు పోయింది, ఇంకా ఎక్కించనే లేదు. మా తోటికోడలికీ నాకూ తప్ప ఆ మాటలు ఎవరికీ తెలియవు. తెలియాలంటే అవి గోడ అవతలి ఇంట్లో తయారై ఉండాలి. ఇరవై ఎనిమిదేళ్ళు పద్దులు కలిపిన మెదడుకు ఈ కూడిక చేయడానికి కాస్త ఎక్కువ సమయమే పట్టింది. ఒక ఇల్లాలి గుండెమంట అనుకున్నది కాస్తా ఆలుమగలిద్దరూ కూర్చుని వండిన వంట.

మేనేజర్ కోస్తావైపు మనిషి, నెమ్మదస్తుడు. "పాపం, మిమ్మల్ని మరీ దారుణంగా రాశారండీ. దీనికి నేనేం చేయగలనండీ?" అన్నాడు.

"నా బాధ నాది సార్, అది పోనియ్యున్రి. మీ గురించే నా పరేషాన్. గీ బ్లాగు రాసేది మా సొంత వదిన. సొంత మరిదినే గిట్ల కడిగి ఆరేసే మనిషి, బయటోళ్ళను వదులుతదా? బల్బులు లెక్కపెట్టింది సార్ ఆమె, ఊరంత తిరిగి! రేపు మీ బస్సులు లెక్కపెడ్తది. ఇప్పటిదాక నన్ను తిట్టనీకి సరిపోయింది. ఇగ నేను అయిపోయిన. తరువాత మీ నంబరే."

మేనేజర్ పుస్తకాన్ని కాస్త దూరం జరిపాడు. సరిగ్గా అప్పుడే అటెండరు తలుపు తోసి, "ఆ ఊరి అమ్మగారే వచ్చిండ్రు సార్, బ్లాగమ్మ" అన్నాడు. మా మరిది ముఖంలో రక్తం లేదు. మెడ తిప్పుకుందామన్నా ఆ గదిలో అటువైపు గోడే ఉంది.

మేనేజర్ లేచి నిలబడ్డాడు. నాకోసం ఒక ఆఫీసరు లేచి నిలబడటం కూడా అదే మొదటిసారి. "రండమ్మా, కూర్చోండి. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇవన్నీ నిజంగా జనం చెప్పినవేనా? ఎవరైనా కావాలని పుట్టించినవా?"

మా మరిది నా వైపు చూశాడు. బల్బుల తర్వాత ఆయన నా ముఖం చూడటం అప్పుడే. ఆ చూపులో సర్పంచ్ లేడు. నా పెళ్ళినాడు నా చెప్పులు దాచి, దొరికిపోయి, వాళ్ళమ్మకు చెప్పొద్దని బతిమాలిన పదేళ్ళ పిల్లవాడున్నాడు. నాకేమో మేకుకు వేలాడుతున్న సంచి గుర్తుకొచ్చింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదృష్టవశాత్తూ ఆయన అడిగిన ప్రశ్నకు అబద్ధం అవసరం పడలేదు.

"అన్నీ మా అరుగు మీద కూర్చుని, నా ఎదురుగ చెప్పినవే సార్. ఒక్క అక్షరం నేను కలపలే. సంతకాలు కావాల్నంటె ఊరంతా పెడ్తది." మరిది వైపు చూసి, "సర్పంచ్ ఇంటోళ్ళు గూడ పెడ్తరు" అన్నాను.

మేనేజర్ చేత్తో నుదురు రుద్దుకున్నాడు. కాలేజీ తెరిచే సోమవారం నుంచి పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు వేసి, ఒక నెల చూద్దామన్నాడు. నేను సంచిలోంచి పట్టికలు తీయబోయాను. "వద్దమ్మా, నమ్మకం ఉంది, లోపలే ఉంచండి" అని చేతులు జోడించాడు. మూడు నెలలు కూర్చుని వేసిన పట్టికలు ఆ రోజు సంచి దాటి బయటికి రాలేదు.

డిపో బయట చెరకురసం బండి దగ్గర మరిది రెండు గ్లాసులు చెప్పాడు.

"నాకు ముందే చెప్తె ఏంపోయెరా?" అన్నాను. కోపంలో చిన్నప్పటిలా 'రా' అని వచ్చేసింది.

"చెప్తె నువ్వు రాస్తుంటివా వదినా? 'ఈ కామెంట్లు సర్పంచే చెప్పించిండు' అని గది గూడ బ్లాగుల పెడ్తుంటివి, తారీఖుతోని."

నిజమే. పెట్టేదాన్ని.

"నేను నాలుగుసార్లు అర్జీ ఇచ్చిన. సర్పంచులు రోజుకు పదిమంది వస్తరు, చాయ్ తాగి పోతరు. గీ నెట్ల రాత అంటె మాత్రం వాళ్ళకు జర భయం. మరి నిన్ను ఊకె రాయమంటె పట్టికలు రాస్తవు. తిట్లు కావాల్నంటె నేనే చెప్పించుకోవాలె కదా." రసం ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి మళ్ళీ అన్నాడు. "ఒకటి మాత్రం ఇను వదినా. బస్సు తిట్లే నావి. బట్టల మాట నాది కాదు. బైకు తాళం మాట గూడ నాది కాదు. నేను రెండు చెప్పి పంపిస్త, నీ యారాలు మీ అరుగు మీద మూడు చెప్పొస్తది. ఇంటికొచ్చినంక గదేందని అడిగితె, ఉప్పు తక్కువైందని కలిపిన అంటది."

సోమవారం పొద్దున ఊరంతా పంచాయతీ ముందు నిలబడింది. బస్సుకు వేయడానికి బంతిపూల దండ, కొట్టడానికి కొబ్బరికాయ, మరిదికి ఇస్త్రీ చొక్కా. పిల్ల సంచి తగిలించుకుని నిలబడింది. వాళ్ళ నాయన రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా బస్సు లేదు. చివరికి పాల వ్యాను డ్రైవర్ వచ్చి చెప్పాడు, తెలంగాణ బంద్, ఒక్క బస్సు కూడా డిపో దాటలేదని. ఉద్యమం రోజులు కదా, బంద్ పిలుపు రాత్రే ఇచ్చారట. కొబ్బరికాయ కొడదామంటే దేనికి కొట్టాలో తెలియలేదు. కాలేజీ కూడా బందేనని పిల్ల చెప్పబోయింది గానీ, వాళ్ళ నాయన చూసింది రాని బస్సునే. "చూసినవా అక్కా" అని నాతో ఒక్క మాట అని కారెక్కి పోయాడు. పిల్ల సంచి తీసి చేతిలో పట్టుకుంది. అన్నిటికంటే ఆ చేతిలో సంచి చూడటమే నాకు కష్టమైంది. మా ఆయన దండ తీసుకెళ్ళి బకెట్ నీళ్ళలో వేశాడు. "రేపటికి వాడిపోతదేమో" అన్నాను. "రేపు వస్తదని నువ్వు గూడ అనుకుంటున్నవు కదా, గది చాలు" అన్నాడు.

ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి పెద్ద కేక వినపడింది, వెనకే బావిలో చిన్న చప్పుడు. మా తోటికోడలు మాటమీద నిలబడే మనిషి. సెలవులయ్యేనాటికి బస్సు రాకపోతే అన్నది, రాలేదు, బైకు తాళం బావిలో వేసేసింది. "బంద్ ఉన్నదే! బంద్ నా చేతుల ఉన్నదా?" అని మరిది అరుస్తున్నాడు. "గది కామెంట్ల రాయలే" అంటోంది ఆమె.

మంగళవారం పొద్దున మళ్ళీ నిలబడ్డాం. ఈసారి సగం మందే వచ్చారు. గోడ మలుపు దగ్గర ముందు దుమ్ము కనిపించింది, తర్వాత హారన్ వినిపించింది, ఆ తర్వాత బస్సు. డ్రైవర్ అంతమందిని చూసి, ఏదో గొడవ జరుగుతోందనుకుని ముందే బ్రేకు వేశాడు. ఒకవైపు వంగిపోయిన దండ వేశాం. పిల్ల అందరికంటే ముందు ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ఎక్కింది మా మరిది. బైకుకు తాళం లేదు కదా, మండల ఆఫీసుకు పోవాలంటే ఇక ఆ బస్సే దిక్కు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, అలవాటుకొద్దీ జనానికి చెయ్యి ఊపాడు. "విమానం దొరకలే, గిప్పుడు బస్సుల కెళ్ళి ఊపుతున్నడు" అని మా తోటికోడలు అంది. ఇది ఆమె సొంతంగా చెప్పిందని నాకు వెంటనే తెలిసిపోయింది, ఉప్పు సరిగ్గా ఉంది.

బస్సు కదిలాక చూస్తే, దాని వెనకాలే పిల్ల నాయన క్యాబ్ కూడా బయల్దేరింది. ఖాళీ కారు, ఏసీ ఉన్న కారు, బస్సు దుమ్ము తింటూ కాలేజీ గేటు దాకా పోయిందట. "కారులనే కూసోబెట్టుకపోవచ్చు కదరా, ఎట్లయిన అటే పోతివి" అని తర్వాత అడిగితే, "నేను దినాం పోలేను కదక్కా. బస్సు పోతదా లేదా, గది చూడనీకి పోయిన" అన్నాడు. మూడు రోజులు అలాగే వెనకాల పోయాడు. నాలుగో రోజు నుంచి నిద్రపోయాడు.

బస్సు వచ్చింది, నా బ్లాగు పోయింది. 'బస్సు సమయానికి నడుస్తున్నది' అని వ్యాసం రాసి అరుగు మీద చదివితే, బర్రెల తాత చాయ్ తాగి, "మంచిదే బిడ్డా" అన్నాడు. అది కామెంటు కిందికి వస్తుందా రాదా అని మా ఆయనా ఆయనా వాదించుకున్నారు. తిట్టడానికి ఏమీ లేని చోట జనం ఎందుకు కూర్చుంటారు? ఒక్కొక్కరే ఖాళీ క్యాన్లతో ఆగకుండా పోసాగారు. ఆ మరుసటి ఏడాదికి మా మరిది మాజీ అయ్యాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది వరకు నేను నా పట్టికలు రాస్తూనే ఉన్నాను, డబ్బాలో అంకె ఎక్కడిదక్కడే ఉంది. ఆ పిల్ల చదువు ముగించి ఇప్పుడు విమానాశ్రయంలోనే సరుకుల ఆఫీసులో లెక్కలు చూస్తోంది. స్కూటీ మీద పోతుంది. బస్సు ఎక్కి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదంటుంది.

మొన్న ఒకనాడు ఏమీ తోచక పాత బ్లాగు తెరిచి, మొదటి నుంచి చదువుకున్నాను. బల్బుల లెక్క చదువుతుంటే, సాయంత్రం టార్చిలైటు పట్టుకుని స్తంభం స్తంభానికీ తిరిగిన ఆ మనిషి మీద నవ్వొచ్చింది, కాస్త ముద్దు కూడా వచ్చింది. ఎంత నమ్మకం ఆమెకు! తాను రాసింది లోకం చదువుతోందని నమ్మింది. తోటికోడలు గుండె మండుతోందని నమ్మింది. తన పట్టికలు చూసి బస్సు వస్తుందని నమ్మింది. ఒక్క బస్సు రావడం తప్ప ఏదీ నిజం కాలేదు. చివరికొచ్చాక ఒక సంగతి గమనించాను. బైకు తాళం కామెంటు నేను అసలు ఎక్కించనే లేదు. ఆ రోజు కరెంటు పోయింది, మర్నాడు డిపోలో అంత జరిగింది, ఆ తర్వాత ఇక అవసరం పడలేదు. అది పెండింగులో ఉండిపోవడం నాకు నచ్చలేదు. ఆనాటి కాగితం వెతికి తీసి, కూర్చుని, చెప్పింది చెప్పినట్టే కొట్టి, ఎండు మిర్చి పేరుతో, అసలు చెప్పిన తారీఖు కింద రాసి ఎక్కించాను.

మర్నాడు పొద్దున గోడ మీదుగా తెల్లబడిన తల ఒకటి కనిపించింది.

"వదినా, నిన్న నెట్ల ఎవరో నన్ను తిట్టిండ్రంట కదా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరన్న చెప్తరేమో అని దినాం నేనే చూస్కుంట." గోడ మీద మోచేతులు ఆనించాడు. "మాజీ అయినంక ఇగ తిట్టేటోళ్ళు గూడ లేకపాయె. నాకు కండ్లు సరిగ కనబడుతలేవు. జర పెద్దగ సదువు వదినా, నీ యారాలు గూడ లోపల ఉన్నది, ఇంటది."

కిటికీ తెరిచి, కంప్యూటర్ అటువైపు తిప్పి, గొంతు సవరించుకున్నాను. మా ఆయన పాలు పొయ్యి మీద పెట్టాడు.